సరుకైన తిరుగుబాటు: ఒక అమెరికన్ బొమ్మల నాటిక

వ్యంగ్యం దేన్ని చూసి నవ్వుతున్నదో తెలిసినంత మాత్రాన దాని విలువ తేలదు. ఎక్కడికి వచ్చి నవ్వటం మానుకున్నదో కూడా చూడాలి. వ్యంగ్య రచయిత తన కాలపు కపటాన్ని ఎంతదూరం తరిమాడు, ఏ గుమ్మం ముందు ఆగిపోయాడు, ఎందుకు ఆగాడు? ఈ మూడింటికీ సమాధానం చెప్పినప్పుడే విమర్శ విమర్శ అవుతుంది. ఈ ప్రశ్నలను నేనిక్కడ ఒక అమెరికన్ టెలివిజన్ బొమ్మల నాటికను గురించి వేయదలిచాను.

"ది సింప్సన్స్" అనే హాస్య ధారావాహిక 1989 డిసెంబరులో ఫాక్స్ టెలివిజన్‌లో మొదలై ఈనాటికీ సాగుతున్నది. అందులో 1996 మే 19న ప్రసారమైన ఒక భాగం పేరు "హోమర్‌పలూజా". రచన బ్రెంట్ ఫారెస్టర్, దర్శకత్వం వెస్ ఆర్చర్. ఆ రోజుల్లో అమెరికన్ యువకులు వెర్రిగా అభిమానించిన స్మాషింగ్ పంప్కిన్స్, సోనిక్ యూత్, సైప్రస్ హిల్ బృందాలవారూ, వారికి ముందు తరానికి చెందిన పీటర్ ఫ్రాంప్టన్ అనే గాయకుడూ ఇందులో అతిథులుగా వచ్చి, తమ బొమ్మలకు తామే గొంతు ఇచ్చారు.

ఇటువంటి వస్తువును గురించి మనవాళ్లలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కొందరు అధ్యాపకులు దీన్ని సామ్రాజ్యవాద సంస్కృతి పారవేసిన చెత్త అని ఒక్క మాటలో తోసివేస్తారు. విద్యార్థులలో చాలామంది మాత్రం, తన్ను తానే ఎగతాళి చేసుకునే ఈ ధారావాహిక పెట్టుబడిదారీ వ్యవస్థను లోపలినుంచి బద్దలు కొడుతున్నదని నమ్ముతారు. మొదటివారు చూడకుండా తీర్పు చెబుతున్నారు. రెండవవారు చూసి, నవ్వి, ఆ నవ్వునే తీర్పు అనుకుంటున్నారు. నాటికను కాస్త దగ్గరగా చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు.

కథ చిన్నది. హోమర్ సింప్సన్ అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ముగ్గురు పిల్లల తండ్రి. బడి బస్సు తుక్కు కావటంతో పిల్లలను తన కారులో దింపవలసి వస్తుంది. దారిలో తన యౌవనకాలపు పాటలు పెడతాడు. పిల్లలు ముఖాలు చిట్లిస్తారు. అతను "కూల్" కాదని తేలుస్తారు. ఈ మాటకు సరియైన తెలుగు లేదు. "వీడు ఈ కాలపువాడు, మనవాడు" అని తోటివారు ఒప్పుకోవటమే కూల్. హోమర్ పాటల దుకాణానికి వెళ్తే, అతను మెచ్చే బృందాలన్నీ "పాత పాటలు" అనే అరలో ఉంటాయి. ఒకప్పుడు ఉల్లాసం ఉట్టిపడే పేరు పెట్టుకున్న ఆ దుకాణం ఇప్పుడు "ఆత్మహత్య లేఖలు" అని బోర్డు మార్చుకున్నది! ఈ ఒక్క బోర్డులో రచయిత చూపు ఎంత పదునైనదో తెలుస్తుంది. దుకాణం అదే, వ్యాపారం అదే. నిన్న సంతోషం అమ్మినచోట నేడు విషాదం అమ్ముతున్నారు.

పిల్లల మెప్పు సంపాదించాలని హోమర్ వారిని "హల్లబలూజా" అనే సంగీత జాతరకు తీసుకువెళ్తాడు. అక్కడి యువకులు అతన్ని పోలీసుల వేగు అనుకుని జనంలోనుంచి గెంటివేస్తారు. ఇంతలో ఫ్రాంప్టన్ ప్రదర్శన కోసం తెచ్చిన గాలి పంది బొమ్మ ఒకటి ఫిరంగిలోనుంచి దూసుకువచ్చి అతని పొట్టకు తగులుతుంది. అతను చావడు. అది చూసిన నిర్వాహకుడు తన వింతమనుషుల ప్రదర్శనలో అతనికి ఉద్యోగమిస్తాడు. పని ఏమిటంటే, ఊరూరా తిరిగి, పొట్టమీద ఫిరంగి గుండ్లు తినటం. జనం చప్పట్లు కొడతారు. కొడుకు బార్ట్ తండ్రిని చూసి గర్వపడతాడు. కొంతకాలానికి ఒక పశువుల డాక్టరు పరీక్షించి, ఇంకొక్క గుండు తగిలితే ప్రాణం పోతుందని హెచ్చరిస్తాడు. సొంత ఊరిలో జరిగిన ప్రదర్శనలో, గుండు వచ్చే క్షణాన హోమర్ పక్కకు తప్పుకుంటాడు. ఉద్యోగం పోతుంది. కుటుంబం కారెక్కి ఇంటిదారి పడుతుంది.

ఈ జాతర కల్పితమే గాని దాని మూలం కల్పితం కాదు. 1991లో పెరీ ఫారెల్ అనే గాయకుడు తన బృందం వీడ్కోలు యాత్రగా "లోలపలూజా" అనే సంచార సంగీతోత్సవాన్ని ప్రారంభించాడు. ఆ ఏడే నిర్వాణా బృందం పాటలు దేశమంతా మోగి, అంతవరకు చిన్న క్లబ్బులలోనూ కళాశాలల రేడియోలలోనూ బ్రతికిన అసమ్మతి సంగీతం పెద్ద కంపెనీల కంట పడింది. నాటిక అతిథులు ఆ జాతరకు కొత్తవారు కారు. స్మాషింగ్ పంప్కిన్స్ 1994లోనూ, సోనిక్ యూత్, సైప్రస్ హిల్ 1995లోనూ అక్కడ పాడినవారే. అంటే, తాము కూలి పుచ్చుకున్న జాతరను వెక్కిరించటానికే వారు ఈ నాటికలోకి వచ్చారు.

వెక్కిరింతలో పస ఉన్నది. జాతరలో ఒకచోట "జాతివివక్షకు వ్యతిరేకంగా తాడు కట్టుకు దూకండి" అని దుకాణం పెట్టారు. నల్లవారిపట్ల అమెరికాలో జరిగే అన్యాయాన్ని ఎదుర్కోవటానికి టికెట్టు కొని ఎత్తునుంచి దూకితే చాలునట! వితంతు వివాహాన్ని గురించి ఉపన్యాసాలు దంచే మన గిరీశానికి ఈ దుకాణం చూపిస్తే ఎంత ముచ్చటపడేవాడో! ఆదర్శం ఆచరణనుంచి విడిపోయి విలాసంగా మారిన ఘట్టాన్ని గురజాడ ఒక పాత్రలో పట్టుకున్నాడు. ఈ రచయిత ఒక బోర్డులో పట్టుకున్నాడు.

ఇంకొక చోట ఇద్దరు కుర్రవాళ్లు హోమర్ ప్రదర్శన చూస్తూ ఉంటారు. ఒకడు అతన్ని పొగుడుతాడు. నిజంగా అంటున్నావా, వెటకారంగా అంటున్నావా అని రెండవవాడు అడుగుతాడు. మొదటివాడు దిగులుగా, అది తనకే తెలియటం లేదంటాడు. నాటిక మొత్తంలో ఇంతకన్న నిజమైన మాట లేదు. ప్రతిదాన్నీ వెటకారం చెయ్యటమే తెలివి అని నేర్పబడిన తరం, చివరికి తన అభిప్రాయమేదో తానే గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. అటువంటి మనిషి దేనికీ ఎదురు తిరగడు. అందువల్ల ఏ యజమానికీ అతనివల్ల ప్రమాదం లేదు.

ఇక అతిథుల సంగతి. స్మాషింగ్ పంప్కిన్స్ పాడుతూ ఉంటే, కుర్రకారు దిగులుగా ఊగుతూ ఉంటారు. ఈ వయసువారికి దిగులు పుట్టించటం కష్టమైన పని కాదని బార్ట్ అంటాడు. తరువాత హోమర్ ఆ గాయకులను కలుసుకొని, మీ విషాద సంగీతం పుణ్యమా అని నా పిల్లలు నేను ఇవ్వలేని మంచి భవిష్యత్తును ఆశించటం మానేశారని కృతజ్ఞతలు చెబుతాడు. గాయకుడు బిల్లీ కార్గన్, మాకు మాత్రం ఏమున్నది, సంగీతమూ, వేలాది అభిమానులూ, కోట్ల డాలర్లూ, యౌవనమూ తప్ప అన్న ధోరణిలో నిట్టూరుస్తాడు.

హోమర్ చెప్పిన కృతజ్ఞతలను మరొకసారి చూడండి. జీతంరాళ్లతో ఇల్లు నడిపే ఒక ఉద్యోగి తన పిల్లలకు మంచి భవిష్యత్తు ఇవ్వలేడు. ఆ లోటుకు పరిష్కారం, పిల్లలు ఆశ వదులుకోవటం. ఆశ వదులుకోవటాన్ని పాటలుగా అమ్మి, పాడినవాడు కోటీశ్వరుడవుతాడు. ఒక్క హాస్యోక్తిలో ఇంత పెద్ద ఆర్థిక సంబంధాన్ని ఇమిడ్చిన రచయితను చెత్త రాసేవాడని ఎలా అనగలం? మొదటి పక్షం అధ్యాపకులకు నేను చెప్పవలసింది ఇదే.

రెండవ పక్షానికి చెప్పవలసిందీ ఇక్కడే మొదలవుతుంది. కార్గన్ తన్ను తాను వెక్కిరించుకున్నాడు. దానివల్ల అతనికి నష్టమేమిటి? "చూశారా, తనమీద తానే నవ్వుకోగల మనిషి" అన్న పేరు వచ్చింది. మనం చెయ్యవలసిన విమర్శను అతనే మనకన్న ముందు, మనకన్న చమత్కారంగా చేసివేశాడు. మనకు చప్పట్లు కొట్టటమే మిగిలింది. ఆత్మవిమర్శకు ఒక లక్షణం ఉన్నది: అది చేసినవాడి నడవడిలో ఏదో ఒక మార్పు తెస్తుంది. ఏ మార్పూ తేని ఆత్మవిమర్శ ప్రకటన మాత్రమే.

ఆ ధారావాహిక చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1990లో, తాను చదువులో వెనకబడినందుకు గర్వపడుతున్నానని బార్ట్ చాటుకునే చొక్కాలు అమెరికా అంతటా విపరీతంగా అమ్ముడుపోయాయి. కొన్ని బడులు వాటిని నిషేధించాయి. నిషేధం అమ్మకాలకు అడ్డురాలేదు. 1992లో అధ్యక్షుడు బుష్, అమెరికన్ కుటుంబాలు సింప్సన్ కుటుంబంలా ఉండరాదని ఉపన్యసించాడు. అధ్యక్షుడు తిట్టిన ధారావాహిక అన్న కీర్తి కూడా ధారావాహిక ఖాతాలోనే జమపడింది. తిరుగుబాటును సరుకుగా మార్చటాన్ని ఎగతాళి చేస్తున్న ఈ నాటిక, తానే ఆ మార్పిడికి పేరెన్నికగన్న ఉదాహరణ. ఈ సంగతి రచయితకు తెలియదని నేననను. తెలిసి చెప్పగలిగినంతవరకు చెప్పాడు.

నాటికలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించినది హోమర్ పొట్ట. అతనికి సంగీతం రాదు, అందం లేదు, యౌవనం లేదు. జాతరలో అమ్మటానికి అతని దగ్గర ఉన్నది ఒక్క శరీరం. శరీరానికి తగిలే దెబ్బే అతని శ్రమ. విద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు అతన్ని పిల్లలు సైతం లెక్కచెయ్యలేదు. అదే మనిషి తన ప్రాణాన్ని గుండుకు గుండుకు కొంచెం కొంచెంగా అమ్ముకుంటూ ఉంటే వేలమంది జేజేలు కొట్టారు. శ్రమ కనపడనప్పుడు దానికి గౌరవం లేదు. బాధగా కనపడినప్పుడు అది వినోదం. అతని రోగాన్ని పరీక్షించినది పశువుల డాక్టరు కావటం కూడా ఊరికే పెట్టిన హాస్యం కాదు.

కనపడని శ్రమ అన్నాను. ఈ ధారావాహికలో అటువంటి శ్రమ ఇంకొకటి ఉన్నది. తొలినాళ్లనుంచీ దీని బొమ్మల పనిలో చాలాభాగం దక్షిణ కొరియా స్టూడియోలలో జరుగుతూ వచ్చింది. కథా, గొంతులూ, ముఖ్యమైన భంగిమలూ అమెరికాలో తయారవుతాయి. ఒక భంగిమకూ మరొక భంగిమకూ మధ్య వచ్చే వేలకొద్దీ బొమ్మలు సియోల్‌లో తయారవుతాయి. 2010 అక్టోబరులో బ్యాంక్సీ అనే బ్రిటిష్ వీధి చిత్రకారుడు ఈ ధారావాహికకు ఒక ప్రారంభ దృశ్యం కల్పించి, ఆసియాలోని చీకటి కొట్టంలో బొమ్మలు గీస్తున్న దీనులను చూపించాడు. ఆ దృశ్యానికి కూడా బొమ్మలు గీసినది కొరియా స్టూడియోనే! స్టూడియో అధిపతి తన పనిచోటు అలా ఉండదని ఆక్షేపించాడు. ఆయన ఆక్షేపణ న్యాయమే కావచ్చు. కాని తమను గురించిన వ్యంగ్యాన్ని సైతం తామే గీసి, ప్యాకెట్టు కట్టి పంపవలసి రావటంలోని వ్యంగ్యం మాత్రం బ్యాంక్సీ కల్పించినది కాదు. మన హైదరాబాదులోనూ విదేశీ టెలివిజన్ల కోసం బొమ్మలు తయారుచేసే స్టూడియోలు వెలిశాయి గనుక, ఇది మనకు దూరపు సంగతి కాదు.

ఇప్పుడు నాటిక ఆగిపోయిన గుమ్మం దగ్గరకు వద్దాం. కథ మధ్యలో హోమర్ తన కుర్రతనాన్ని గుర్తు చేసుకుంటాడు. అప్పట్లో అతను తన తండ్రిని చాదస్తుడని వెక్కిరిస్తే, తండ్రి ఒక శాపం వంటి హెచ్చరిక చేస్తాడు. ఒకప్పుడు తానూ కాలంతో పాటు నడిచినవాడేననీ, తరువాత "వాళ్లు" కాలపు పోకడనే మార్చివేశారనీ, ఈ గతి కొడుక్కీ తప్పదనీ అంటాడు. ఈ ఘట్టం చూసి నవ్వినవాళ్లందరూ ఇందులో వార్ధక్యాన్ని గురించిన శాశ్వత సత్యం ఉన్నదనుకున్నారు.

నేను అడిగేది ఒక్కటే: ఎవరు ఈ "వాళ్లు"? ముసలాయన మాటలో కర్త ఉన్నాడు. పోకడ దానంతట అది మారలేదు, ఎవరో మార్చారు. ఈ కర్తను వెతకటానికి రచయిత ఒక్క అడుగైనా వెయ్యలేదు. వెతికి ఉంటే ఎంతో దూరం పోనక్కరలేదు. నాటిక ప్రసారానికి మూడు నెలల ముందు, 1996 ఫిబ్రవరి 8న, అధ్యక్షుడు క్లింటన్ కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం మీద సంతకం చేశాడు. దేశం మొత్తంమీద ఒక కంపెనీకి ఇన్ని రేడియో స్టేషన్లే ఉండాలన్న పరిమితిని అది తొలగించింది. కొద్ది సంవత్సరాలలో క్లియర్ చానల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి వెయ్యికి పైగా స్టేషన్లు వచ్చాయి. ఏ పాట "నేటిది", ఏ పాట "పాతది" అన్న నిర్ణయం ఎక్కడ జరుగుతుందో ఈ లెక్క చెబుతుంది. ఆ కంపెనీ 2000లో కచేరీల వ్యాపారాన్ని కూడా కొన్నది; 2005లో దాన్ని లైవ్ నేషన్ అనే పేరుతో వేరుచేసింది. లైవ్ నేషన్ 2010లో టికెట్ల గుత్తదారు టికెట్‌మాస్టర్‌ను కలుపుకొన్నది. 2014లో, లోలపలూజాను నడిపే సంస్థలో అధిక వాటా కొన్నది. హోమర్‌ను వెక్కిరించిన జాతరా, ఆ జాతర టికెట్టూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

పాత పాటల అర ఒక అంగడి ఏర్పాటు. నిన్న కొన్న సరుకు నేడు పాతబడితేనే నేటి సరుకు అమ్ముడుపోతుంది. మనిషికి వయసు రావటం ప్రకృతి. ముప్పై ఆరేళ్ల మనిషి తన పిల్లల ముందు సిగ్గుపడేటట్లు చెయ్యటం వ్యాపారం. నాటిక ఈ రెండింటినీ కలిపివేసింది. అంగడి నియమాన్ని వయసు నియమంగా చూపించింది. నా ముఖ్యమైన ఆక్షేపణ ఇదే. నియమం ప్రకృతిదైతే మనం నవ్వి ఊరుకోవాలి. మనుషులు పెట్టినదైతే మనుషులు మార్చగలరు. "ఎవరు?" అన్న ప్రశ్నను నవ్వు మింగివేస్తే, దాన్ని అడిగే బాధ్యత విమర్శకునిది.

అతిథుల జీవితాలే ఈ మాటను రుజువు చేస్తాయి. ఫ్రాంప్టన్ పాటల సంపుటి 1976లో అమెరికాలో అమ్మకాల శిఖరమెక్కింది. ఇరవై ఏళ్లకు అతన్ని నాటికలో చిరాకు పడే పెద్దమనిషిగా నిలబెట్టారు. అతన్ని చూసి నవ్విన సోనిక్ యూత్ 2011లో విడిపోయింది. నాటికలో సైప్రస్ హిల్ బృందంవారు మత్తులో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను పిలిపించి, తరువాత ఆ సంగతి మరిచిపోతారు. 2024 జూలై 10న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆ బృందం నిజంగానే ఆ ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేసింది. ఇరవై ఎనిమిదేళ్లు గడిచిన తరువాత పరిహాసం టికెట్టుగా మారింది. నేను ఆ కళాకారులను నిందించటం లేదు. ఏ హాస్యమైనా చివరకు సరుకు కాగలదని చూపుతున్నాను.

అయితే, ఆ కాలపు సంగీతకారులందరూ నిట్టూర్పులతోనే సరిపెట్టుకున్నారా? లేదు. 1994లో పెర్ల్ జామ్ అనే బృందం టికెట్‌మాస్టర్ గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. బృంద సభ్యులు కాంగ్రెసు సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. టికెట్టు ధర తగ్గించాలని వారు ఆ కంపెనీకి లొంగని చోట్ల కచేరీలు చెయ్యటానికి ప్రయత్నించి, నానా తిప్పలు పడ్డారు. 1995లో న్యాయశాఖ దర్యాప్తును మూసివేసింది. 2024లో అదే న్యాయశాఖ లైవ్ నేషన్ మీదా, టికెట్‌మాస్టర్ మీదా గుత్తాధిపత్య నేరం మోపి దావా వేయవలసి వచ్చింది. ఓడిపోయినా పెర్ల్ జామ్ చేసినది తిరుగుబాటు, ఎందుకంటే వారు ప్రత్యర్థిని పేరుపెట్టి పిలిచారు. ఆ పోరాటం 1996 నాటికి పాతబడిన వార్త కూడా కాదు. అయినా నాటికలో దాని నీడ లేదు. అక్కడ తిరుగుబాటు అంటే చిరిగిన బట్టలూ, వేలాడే ముఖాలూ మాత్రమే. అటువంటిదాన్ని వెక్కిరించటం తేలిక.

ఇక ముగింపు. హోమర్ గుండునుంచి తప్పుకోవటం ఈ కథలో అతను తన ఇష్టంతో చేసిన ఒకే ఒక నిరాకరణ. కార్మికుడు "ఇక నా శరీరాన్ని ఇవ్వను" అన్న క్షణమది. దాని విలువ రచయిత గుర్తించినట్లు లేదు. గుండు వెళ్లి ఫ్రాంప్టన్ పందికి తగులుతుంది, నవ్వులు రేగుతాయి, క్షణం జారిపోతుంది. తిరుగు ప్రయాణంలో హోమర్, కూల్ కావటం కన్న కుటుంబమే ముఖ్యమని ప్రకటిస్తాడు. ఆ మాట కూడా కూల్ కాదని పిల్లలు కొట్టివేస్తారు. మరి ఎలా కావాలో చెప్పమని తల్లిదండ్రులు బతిమాలతారు. ఎవరూ చెప్పలేరు. కారు సాగిపోతుంది. ఇక్కడ పిల్లలకు జ్ఞానబోధ చేయించక, ప్రశ్నను తెరిచి ఉంచినందుకు రచయితను మెచ్చుకోవాలి. కాని ఆ ప్రశ్న కారు లోపలే ఉండిపోయింది. జాతరలో ఒంటరులైన వేలమంది యువకులలో ఏ ఇద్దరూ కలుసుకోలేదు. బయటి ప్రపంచానికి విరుగుడు ఇల్లు ఒక్కటే అన్న పాత సలహాతోనే నాటిక గడప దిగకుండా ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? రచయిత తెలివి చాలక కాదు. 1996లో ఆ టెలివిజన్ రూపర్ట్ మర్డాక్ కంపెనీది; 1993లో మన ఇళ్లలోకి వచ్చే స్టార్ టెలివిజన్‌ను చేజిక్కించుకున్నదీ అతనే. 2019లో ఆ ధారావాహిక డిస్నీ కంపెనీ సొత్తయింది. "వాళ్లు" ఎవరని అడిగితే, ఆ జాబితాలో తన యజమాని పేరు కూడా చదవవలసి వస్తుంది. జాతరను ఎంతైనా వెక్కిరించవచ్చు, గాయకులను వెక్కిరించవచ్చు, ప్రేక్షకులను వెక్కిరించవచ్చు, ఒక్కొక్కసారి యజమానినీ గిల్లవచ్చు. గిల్లటానికి జీతమిస్తారు. లెక్కలు అడగటానికి ఇవ్వరు.

2023 జనవరిలో ఆ లోలపలూజా జాతర ముంబయి మహాలక్ష్మి గుర్రప్పందాల మైదానంలో దిగింది. మన కళాశాలల విద్యార్థులు కూడా ఇక అక్కడికి వెళ్తారు. వెళ్లవద్దని శాసించటం వ్యర్థం. మంచి సంగీతం వినాలన్న కోరిక తప్పు కాదు. ఈ నాటికను తరగతిలో చూపించటం కూడా మంచిదే. అరగంట కూడా పట్టదు. విద్యార్థులను మనసారా నవ్వనివ్వండి. నవ్వు ఆగిన తరువాత రెండు ప్రశ్నలు వేయండి: పాటను పాతదని తీర్పు చెప్పినవారెవరు? గుండు తగులుతున్నది ఎవరి పొట్టకు? ఈ రెండింటికీ సమాధానాలు వెతికే విద్యార్థికి, తన మెప్పు వెటకారమో నిజమో తెలియని ఆ కుర్రవాడి గతి పట్టదు.